రిపోర్టు నెగెటివ్, మెట్టెలు మాత్రం బిగుతు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నా వయసు 37. పెళ్లయిన దగ్గర్నుంచీ లేసు అల్లుతున్నాను. మూడు నెలలుగా పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. చూపుడు వేలు, మధ్య వేలు మొదళ్లలో వాపు ఉంది. పాలగిన్నె కూడా దింపలేకపోతున్నాను. తొమ్మిది దాటాక కాస్త నయం. అరికాళ్లు కూడా సలుపుతున్నాయి గానీ అది కొత్త చెప్పుల వల్లే అనుకుంటున్నాను. మెట్టెలు బిగుతైపోతే తీసి దాచేశాను. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు పది రోజులు వేసుకుంటే మంత్రం వేసినట్టు తగ్గింది, ఆపగానే మళ్లీ మొదలు. అవి ఆపి మూడు వారాలైంది. ల్యాబులో మేమే పరీక్షలు చేయించుకున్నాం. ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగెటివ్, యూరిక్ యాసిడ్ 4.6, ఇ.ఎస్.ఆర్. 58, హిమోగ్లోబిన్ 9.8. నెగెటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం కాదని మా ఆయన అంటున్నారు. పులుపూ చేపలూ మానెయ్యమని అత్తయ్య గారు. నాలుగేళ్ల కిందట వచ్చిన చికున్‌గున్యా తాలూకు నొప్పులని పక్కింటావిడ. పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే మళ్లీ అన్ని పరీక్షలూ రాస్తారని టెన్షన్. అసలు ఈ జబ్బు ఉందో లేదో వాళ్లు ఎలా తేలుస్తారండీ?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి రిపోర్టు అంకెలు చూశాను. రెండోసారి మెట్టెల దగ్గర ఆగిపోయాను. మీరు ఆ మాట ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు గానీ, డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి అది. ఎందుకో చెబుతాను. ముందు మీ ఆయన గారి మాట తేలుద్దాం.

ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగెటివ్ అయితే కీళ్లవాతం లేనట్టేనా? కాదు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే ఈ జబ్బు నూరుమందికి ఉంటే, వాళ్లలో సుమారు 20 నుంచి 30 మందికి ఈ పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. జబ్బు మొదలైన కొత్తలో అయితే ఇంకా ఎక్కువమందికి. అటు తిప్పి చూసినా అంతే. ఏ కీలూ నొప్పిలేని ఆరోగ్యవంతుల్లో కొందరికి, వయసు మళ్లినవాళ్లలో ఇంకాస్త ఎక్కువమందికి, హెపటైటిస్ సి లాంటి జబ్బులున్నవాళ్లకి పాజిటివ్ వస్తుంది. పేరులోనే ఆర్.ఏ. అని ఉండటంతో జనం దీన్ని జబ్బు వేసిన ముద్ర అనుకుంటున్నారు. పాజిటివ్ వచ్చిందని మంచి కీళ్లతో ఏడ్చినవాళ్లనీ చూశాను, నెగెటివ్ వచ్చిందని వాచిన చేతులతో ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నవాళ్లనీ చూశాను. రెండోవాళ్లకే నష్టం ఎక్కువ.

అందుకే అనుభవమున్న డాక్టరు మీ ఫైలు అందుకుని పక్కన పెట్టి, ముందు మిమ్మల్ని మాట్లాడమంటారు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి.

మొదట అడిగేది పొద్దుటి సంగతే. లేచాక చేతులు మామూలవడానికి ఎంత సేపు పడుతుంది? "చాలా సేపండీ" అంటే ఉపయోగం లేదు. అయిదున్నరకి లేచారు, గిన్నె పట్టుకోగలిగింది తొమ్మిదికి అంటే మూడున్నర గంటలు. ఆ లెక్క చెప్పాలి. మోకాళ్లు అరిగినవాళ్లకీ పొద్దున్న బిగుతు ఉంటుంది, కానీ నాలుగడుగులు వేసేసరికి, మహా అయితే అరగంటలో వదులుతుంది. తర్వాత పని చేసేకొద్దీ నొప్పి పెరిగి, సాయంత్రానికి కూలబడతారు. కీళ్లవాతం దీనికి తలకిందులు. రాత్రంతా విశ్రాంతి తీసుకున్నాక బిగుస్తుంది, పని చేసేకొద్దీ సడలుతుంది. మీ చేతులు తొమ్మిది తర్వాత నయమవుతున్నాయంటే ఇది లేసు పని వల్ల వచ్చిన నొప్పి కాదనడానికి అదొక ఆనవాలు. పని వల్ల వచ్చేదైతే సూది పట్టిన కుడిచేతికి ఎక్కువగా, సాయంత్రం పూట రావాలి. మీకు రెండు చేతులకీ, అదీ తెల్లవారేసరికి వస్తోంది.

ఆ తర్వాతి ప్రశ్నలు కొన్ని మీకు సంబంధం లేనట్టు అనిపిస్తాయి. తలలో చుండ్రులా పొలుసులు ఊడుతున్నాయా? ఎండలో ముఖం మీద ఎర్రగా మచ్చలొస్తాయా, జుట్టు కుచ్చులుగా రాలుతోందా, నోట్లో పుళ్లు పడుతున్నాయా? కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందా? రాత్రి నడుం నొప్పితో మెలకువ వస్తుందా? ఈమధ్య విరేచనాలో, మూత్రంలో మంటో వచ్చాయా? ఇవన్నీ కీళ్లు వాచేలా చేసే వేరే జబ్బుల ఆచూకీ కోసం. చర్మం పొలుసులూడే సోరియాసిస్, ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడే లూపస్ లాంటివి అచ్చం ఇలాగే మొదలు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అనీ, చుట్టగానీ బీడీగానీ కాలుస్తారా అనీ అడుగుతారు. పొగ ఈ జబ్బును తెచ్చేవాటిలో ఒకటి. మీరు కాల్చరని తెలిసినా అడుగుతారు, చిన్నబుచ్చుకోకండి. మన వైపు పాత తరం ఆడవాళ్లలో చుట్ట అలవాటు ఉన్నవాళ్లు లేకపోలేదు కదా.

మీ పక్కింటావిడ మాట కూడా తీసిపారేసేది కాదు. చికున్‌గున్యా వచ్చినవాళ్లలో కొందరికి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కీళ్లు సలుపుతాయి. 2006 ప్రాంతంలో ఆంధ్రదేశమంతా అది ఊడ్చిపెట్టినప్పుడు, జ్వరం తగ్గినా నడుములు లేవక జనం ఎంత అవస్థపడ్డారో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. అచ్చు కీళ్లవాతంలా వేళ్లు వాచినవాళ్లూ ఉన్నారు. మరి మీ విషయంలో ఎందుకు కాదనిపిస్తోందంటే, మధ్యలో మూడేళ్లకు పైగా నొప్పులున్నట్టు మీరు రాయలేదు, ఇప్పుడు జ్వరంతో మొదలైనట్టూ రాయలేదు. చికున్‌గున్యా నొప్పి జ్వరంతో పాటు వచ్చి ఉండిపోవాలి గానీ, వెళ్లిపోయి ఇన్నేళ్లకి తిరిగి రావడం మామూలు కాదు. డాక్టరుకు మాత్రం ఆ జ్వరం సంగతి చెప్పండి. మూడు నెలల కిందట చిన్న జ్వరమైనా వచ్చి, మీరు పట్టించుకోలేదేమో కూడా గుర్తు చేసుకోండి. వైరస్ వల్ల వచ్చే కీళ్ల వాపులు చాలావరకు కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి. అందుకే ఆరు వారాలు దాటిందా లేదా అన్నది డాక్టర్లకు ముఖ్యం. మీది ఎప్పుడో దాటింది.

ఇక అసలు పరీక్ష. దానికి సూదీ లేదు, యంత్రమూ లేదు. డాక్టరు వేళ్లే.

మీ చెయ్యి పట్టుకుని ఒక్కో కీలునీ రెండు బొటనవేళ్లతో నొక్కి చూస్తారు. నొప్పి ఒక లెక్క, వాపు ఒక లెక్క. కీలు అరిగినవాళ్లకి గోరు పక్కనుండే చివరి కణుపు దగ్గర ఎముక గట్టిగా, రాయిలా తగులుతుంది. కీళ్లవాతంలో వాపు మెత్తగా, నొక్కితే కొంచెం లోపలికి పోయి తేలే తీరుగా ఉంటుంది. కీలు లోపలి పొర ఉబ్బి నీరు చేరడం వల్ల అలా అవుతుంది. పైగా కీళ్లవాతం చివరి కణుపుల జోలికి సాధారణంగా పోదు. వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు, మణికట్లు, ఇవి దాని చోట్లు. మీరు రాసిన చూపుడు వేలు, మధ్య వేలు మొదళ్లు అది ఎక్కువగా మొదలుపెట్టే జాగాలు.

తర్వాత కరచాలనం చేసినట్టు నాలుగు వేళ్ల మొదళ్లనీ కలిపి అడ్డంగా నొక్కుతారు. అప్పుడు మీరు కెవ్వుమంటే అది డాక్టరుకు పెద్ద సమాచారం, బిగబట్టుకోవద్దు. మన ఆడవాళ్లకి ఒక చెడ్డ అలవాటుంది. డాక్టరు నొక్కుతుంటే పళ్లు బిగించి "ఫర్లేదండీ" అంటారు. ఆ ఒక్కచోటా మర్యాద పక్కన పెట్టండి.

ఇప్పుడు మెట్టెలు. చేతుల్లో వేళ్ల మొదళ్లు ఎలాగో, కాళ్లలో వేళ్ల మొదళ్లు కూడా ఈ జబ్బుకి అంత ఇష్టమైన చోట్లు. అక్కడ వాస్తే పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెట్టగానే గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. మీరు చెప్పుల మీదికి తోసేసిన సలుపు అదే కావచ్చు. మెట్టె వదులుగా ఉండే వేలికి మూడు నెలల్లో బిగుతైందంటే అక్కడ ఏదో ఉబ్బిందన్నమాట. గోదావరి జిల్లాల్లో కాళ్లు వాచాయనగానే బోదకాలేమోనని హడలిపోతారు. అది పాదం, పిక్క పట్టుకుని తోలు మందమయ్యే వాపు, వేళ్ల మొదళ్లలో కీలు నొప్పి కాదు. డాక్టరు ఇంకో తేడా కూడా చూస్తారు. వాపు వేలి మొదట్లోనే ఉందా, లేక వేలు మొత్తం ఒకే లావున ఉబ్బిందా అని. మొత్తం ఉబ్బితే సోరియాసిస్ కీళ్ల జబ్బు వైపు అనుమానం మళ్లుతుంది. అప్పుడు గోళ్ల మీద గుంటలున్నాయా అని, చెవుల వెనక, తలలో వెతుకుతారు. వీటికోసం చెప్పులు విప్పి కాళ్లు చూపించాలి. రద్దీగా ఉన్న ఆసుపత్రిలో కాళ్లు చూడకుండా పంపేస్తుంటే మీరే అడగండి, "పాదాలు కూడా ఒకసారి నొక్కి చూడండి సార్" అని.

కాళ్ల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, డాక్టర్లు కీళ్లు లెక్కపెడతారు. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్లవాత వైద్యుల) సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. పదికి ఆరు వస్తే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని లెక్క. ముందు కనీసం ఒక్క కీలులోనైనా కచ్చితంగా వాపు ఉండాలి, దానికి వేరే కారణం కనపడకూడదు. ఆ తర్వాతే మార్కులు. చిన్న కీళ్లు ఒకటి నుంచి మూడుంటే 2, నాలుగు నుంచి పది దాకా అయితే 3, చిన్నవీ పెద్దవీ కలిపి పది దాటితే 5. వాచినవే కాదు, నొక్కితే నొప్పెట్టేవి కూడా లెక్కలోకి వస్తాయి. ఆర్.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. (ఈ జబ్బుకే చేసే ఇంకో రక్తపరీక్ష) రెండూ నెగెటివ్ అయితే సున్నా, ఏదైనా కొద్దిగా పాజిటివ్ అయితే 2, మామూలు హద్దుకి మూడు రెట్లు దాటితే 3. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఇ.ఎస్.ఆర్. లేదా సి.ఆర్.పి. పెరిగితే 1. ఆరు వారాలు నిండితే 1.

మీ లెక్క వేసి చూద్దాం, ఉదాహరణకే సుమా. చేతుల్లో ఆరు కీళ్లు దొరికాయనుకుందాం. దానికి 3, ఇ.ఎస్.ఆర్.కి 1, మూడు నెలలైంది కాబట్టి 1. మొత్తం 5. అందలేదు! ఇప్పుడు పాదాలు నొక్కితే అటు మూడు, ఇటు మూడు కీళ్లు నొప్పెట్టాయనుకోండి. పన్నెండు కీళ్లు, 5 మార్కులు. మొత్తం 7. చెప్పులు విప్పడంతో లెక్క మారిపోయింది, ల్యాబుకి ఒక్క రూపాయి కట్టకుండానే. (కాలి బొటనవేలి మొదలు మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది అరుగుదల ఎక్కువగా వచ్చే చోటు కాబట్టి వదిలేశారు.)

ఈ మార్కులు పరిశోధనల కోసం రోగుల్ని ఒక గుంపుగా చేర్చడానికి పెట్టుకున్నవి. ఆరు రాలేదని డాక్టరు చేతులు కట్టుకుని కూర్చోరు. అయిదు దగ్గర ఆగినవాళ్లని కొద్ది వారాల్లో మళ్లీ రమ్మంటారు, అనుమానం బలంగా ఉంటే మందూ మొదలుపెడతారు.

పరీక్షల ఖర్చు గురించి మీ భయం నాకు అర్థమైంది. చేయించినవన్నీ మళ్లీ చేయించక్కర్లేదు, ఆ కాగితాలు తీసుకెళ్లండి. మీకు లేనిదీ, బహుశా మొదట రాసేదీ యాంటీ సి.సి.పి. అది పాజిటివ్ వస్తే కీళ్లవాతమని చాలా గట్టిగా చెప్పొచ్చు, ఎందుకంటే వేరే కారణాలతో పాజిటివ్ రావడం అరుదు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగెటివ్ ఉన్నవాళ్లలో కొందరికి ఇది పాజిటివ్ వస్తుంది. ఇది కూడా నెగెటివ్ అయితే జబ్బు లేదని కాదు, డాక్టరు వేళ్ల మీద భారం ఇంకాస్త పెరుగుతుందంతే. మీ ఇ.ఎస్.ఆర్. 58 అంటే ఒంట్లో ఎక్కడో వాపు నడుస్తోందని అర్థం. కానీ రక్తం తక్కువగా ఉన్నా ఇ.ఎస్.ఆర్. పెరుగుతుంది, మీకు 9.8 ఉంది. అందుకే తోడుగా సి.ఆర్.పి. రాయొచ్చు. ఆ రక్తహీనత కూడా ఈ జబ్బు వల్ల వచ్చిందా, ఐరన్ తక్కువా, నెలసరిలో ఎక్కువ పోతోందా అని తేల్చుకుంటారు. యూరిక్ యాసిడ్ మామూలుగా ఉంది, మీ వయసు ఆడవాళ్లకి గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) రావడం అరుదు కూడా, దాన్ని వదిలెయ్యండి.

లివర్, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే రాస్తే మాత్రం "కీళ్లకీ కాలేయానికీ ఏం సంబంధం" అనుకోకండి. అవి జబ్బు కోసం కాదు, మందు కోసం. ఈ జబ్బుకి మొదట వాడే మెథోట్రెక్సేట్ ఇవ్వాలంటే లివరూ కిడ్నీలూ ఎలా ఉన్నాయో చూసుకోవాలి. గర్భం రావడానికి అవకాశం ఉంటే ఆ మందు ఇవ్వరు. కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా అని డాక్టరు మీ ఆయన ఎదుటే అడిగినా జవాబు చెప్పండి. ఒకవేళ ఆ మాత్ర రాస్తే అది వారానికి ఒక్క రోజు వేసుకునేది. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

ఎక్స్‌రే రెండు చేతులకీ రెండు పాదాలకీ తీస్తారు. మూడు నెలల జబ్బులో అందులో ఏమీ కనిపించకపోవచ్చు. ఎముక కొరుక్కుపోవడం కనపడేసరికి ఆలస్యమైపోయినట్టే. ఇప్పుడు తీసేది ముందుముందు పోల్చుకోవడానికి. వాపు ఉందో లేదో వేళ్లకి తెలియకపోతే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. ఎమ్మారై మీకు ఇప్పుడే అవసరమని నేననుకోను. ల్యాబుల్లో "ఆర్థ్రైటిస్ ప్యాకేజీ" అని అమ్మేవాటి జోలికి అసలు పోకండి. ఏ.ఎస్.ఓ. (గొంతు ఇన్ఫెక్షన్ ఆనవాలు చూసే పరీక్ష) లాంటివి చేర్చి బిల్లు పెంచుతారు, మీ వయసులో ఈ వాపులకి దానివల్ల ఒరిగేది దాదాపు లేదు.

ఇక ఆ తెల్ల మాత్రలు. మంత్రం వేసినట్టు తగ్గిందన్నారు చూడండి, అలా ఇట్టే తగ్గించేది చాలావరకు స్టెరాయిడే. కవరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చి ఉంటారు. స్టెరాయిడ్ అంటే విషమని కాదు, రుమటాలజిస్టులూ మొదట్లో కొన్నాళ్లు ఇస్తారు, లెక్క ప్రకారం. కానీ జబ్బేదో తేలకముందే వేసుకుంటే వాపు పోతుంది, ఇ.ఎస్.ఆర్. తగ్గుతుంది, డాక్టరు నొక్కితే ఏమీ దొరకదు, లోపల జబ్బు మాత్రం ఉంటుంది. ఒకావిడ అమలాపురం వైపు నుంచి నా దగ్గరికి వచ్చే రోజు పొద్దున, ప్రయాణంలో ఇబ్బంది పడకూడదని అవే రెండు మింగి వచ్చింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. నేను ఏమీ లేదని పంపేశాను. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చేసరికి మణికట్టు తిరగడం లేదు. తప్పు ఆవిడది కాదు, "పొద్దున ఏం మాత్ర వేసుకున్నావు" అని నేను అడగలేదు. మీరు ఆపి మూడు వారాలైంది కాబట్టి ఇప్పుడు చూపించుకోవడం మంచి అదను. మళ్లీ మొదలుపెట్టకండి. ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోండి, అది వాపుని దాచదు. (నెలల తరబడి అలాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా మానెయ్యకండి, ప్రమాదం. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.)

పులుపు మానినా చేపలు మానినా ఈ జబ్బు తగ్గదు, తిన్నా పెరగదు. హిమోగ్లోబిన్ 9.8 ఉన్న మనిషి చేపలు మానడం నాకు బొత్తిగా నచ్చలేదు. అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? నరసాపురంలోనో భీమవరంలోనో జనరల్ మెడిసిన్ ఎం.డి. చేసిన డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. అనుమానం బలపడితే రుమటాలజిస్టుకి రాసివ్వమనండి. వాళ్లు విజయవాడ, విశాఖ లాంటి పెద్ద ఊళ్లలో ఉంటారు, హైదరాబాదు నిమ్స్‌లో దానికి విడిగా విభాగమే ఉంది. దూరమని వాయిదా వెయ్యకండి. మొదటి కొద్ది నెలల్లో మందు పడినవాళ్ల కీళ్లు నిలబడినట్టు, ఆలస్యమైనవాళ్లవి నిలబడవు. మూడు నెలలు మీకు ఇప్పటికే ఖర్చయిపోయాయి.

వెళ్లేలోపు ఒక పని చెయ్యండి. రేపటి నుంచి వారం రోజులు, లేవగానే రెండు చేతులూ, రెండు పాదాలూ ఫోనులో ఫొటో తియ్యండి. పిడికిలి బిగించి ఒకటి, చాపి ఒకటి. తొలి బస్సెక్కి వెళ్లినా మీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, అప్పటికి వాపు సగం తగ్గిపోతుంది. డాక్టరుకు మీ తెల్లవారుజాము ఆ ఫొటోల్లోనే కనపడాలి. ఉంగరాలుంటే తీసి వెళ్లండి. మెట్టెలు మాత్రం చేతిసంచిలో వేసుకెళ్లి, ఏ వేలికి ఎక్కడిదాకా ఎక్కుతోందో అక్కడే పెట్టి చూపించండి. దాంతో పాటు లేసు సూదీ, దారపుండా కూడా. ఎదురుగా కూర్చుని ఒక్క వరస అల్లండి.